సింగపూర్ – న్యూయార్క్: దూరం ఒక్కటే, ప్రయాణ కాలం ఎందుకు మారుతోంది?

దారితెన్ను

సభ్యులందరికీ నమస్కారం. సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయం నుంచి న్యూయార్క్‌లోని కెనడీ విమానాశ్రయానికి మధ్యలో ఎక్కడా ఆగకుండా వెళ్ళే విమానం గురించి చదువుతూ, సరదాగా లెక్క వేయబోయి చిక్కులో పడ్డాను. దూరాన్ని లెక్కకట్టే ఒక పరికరం సుమారు 15,340 కిలోమీటర్లని చెబుతోంది, మరొకటి 15,349 అంటోంది. విమానం నిజంగా తిరిగిన దారిని చూపే పటంలో మాత్రం 16,000 దాటిన అంకె కనిపించింది. ఈ మూడింటిలో ఏది నిజమైన దూరం?

రెండో చిక్కు కాలానిది. పెద్ద విమానాలు గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతాయంటారు కనుక పదిహేడు గంటల్లో చేరాలి, కానీ సమయ పట్టికలో 18 గంటల 40 నిమిషాలకు అటూ ఇటూగా ఉంది. ఇక టికెట్టు మీది వేళలు చూస్తే మధ్యాహ్నం 12 గంటలకు బయలుదేరి అదే రోజు సాయంత్రం 6 గంటల 40 నిమిషాలకు దిగినట్టుగా ఉంటుంది. తెలిసినవారు విడమరచి చెప్పగలరా?

గోళరేఖ

దారితెన్ను గారూ, మీ మూడు అంకెలూ సరైనవే. అవి మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

గోళం మీద రెండు చోట్లను కలిపే అతి దగ్గరి దారిని మహావృత్తపు చాపం అంటారు. భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం గల నిఖార్సైన గోళంగా తీసుకొని లెక్కిస్తే మీకు వచ్చిన 15,340 వస్తుంది. కానీ భూమి ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకుపోయి ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లయితే ధ్రువాల దగ్గర 6,357 మాత్రమే. ఈ నొక్కును కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతిలో 15,349 వస్తుంది. గోళపు లెక్కలో తప్పు ఎంత ఎక్కువైనా అర శాతానికి మించదు, మీ ఉదాహరణలో అయితే అది పది కిలోమీటర్లలోపే ఉంది. విమానం రన్‌వే చుట్టూ ఒక చక్కరు కొట్టినా అంతకంటే ఎక్కువ దూరం తిరుగుతుంది కనుక ఆ తేడా గురించి బెంగ అక్కరలేదు.

మూడో అంకె విమానం నిజంగా నడిచిన దారి. అది రోజురోజుకూ మారుతుంది.

పాతపటం

గోళరేఖ గారి మాటకు ఒక చేర్పు. గోడకు వేలాడదీసే చదును పటం మీద ఈ రెండు ఊళ్ళ మధ్య రూళ్ళకర్రతో గీత గీస్తే అది ఏ సముద్రం మీదుగానో అడ్డంగా పోతుంది. నిజమైన దగ్గరి దారి అది కాదు. సింగపూర్ రేఖాంశం దాదాపు 104 డిగ్రీల తూర్పు, న్యూయార్క్‌ది దాదాపు 74 డిగ్రీల పడమర. రెండింటి మధ్య తేడా 178 డిగ్రీలు, అంటే ఇంచుమించు భూగోళానికి ఆ వైపున ఒకటి, ఈ వైపున ఒకటి. అందువల్ల దగ్గరి దారి తూర్పుకో పడమరకో పోదు, నేరుగా ఉత్తరానికి ఎక్కి, ఉత్తర ధ్రువానికి 300 కిలోమీటర్ల లోపు నుంచే దాటి, మళ్ళీ దక్షిణానికి దిగుతుంది.

చదును పటం మనల్ని ఎంతగా మోసం చేస్తుందో చూడాలంటే నాకు ఇష్టమైన ఉదాహరణ దక్షిణార్ధగోళంలో ఉంది. చిలీ రాజధాని శాంటియాగో, ఆస్ట్రేలియాలోని సిడ్నీ దాదాపు ఒకే అక్షాంశం మీద, 33, 34 డిగ్రీల దక్షిణాన ఉన్నాయి. అటువంటప్పుడు ఆ అక్షాంశం వెంబడే తిన్నగా పడమరకు పోవడమే దగ్గరని ఎవరికైనా తోస్తుంది. అలా పోతే సుమారు 12,770 కిలోమీటర్లవుతుంది. మహావృత్తం మాత్రం దక్షిణానికి వంగి, దాదాపు 62 డిగ్రీల అక్షాంశం దాకా, అంటే అంటార్కిటికా పొలిమేర దాకా దిగి, మళ్ళీ పైకి వస్తుంది. దాని పొడవు 11,340 కిలోమీటర్లే. పటం మీద వంకరగా కనిపించే దారి 1,400 కిలోమీటర్లు ఆదా చేస్తుందన్నమాట. ఇంట్లో గుండ్రటి గ్లోబు ఉంటే దారం బిగించి చూడండి, పది పేజీల వివరణ కంటే అది మేలు.

కొత్తచుక్క

నాది చిన్న సందేహం, పెద్దలు నవ్వకూడదు. విమానం పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఎగురుతుంది కదా, అక్కడ చుట్టుకొలత పెద్దది కాబట్టి దూరం పెరగదా? ఇంకొకటి, భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కనుక పడమరకు వెళ్ళే విమానానికి గమ్యమే ఎదురొచ్చి త్వరగా చేరాలి కదా? నిజంలో దానికి తలకిందులుగా జరుగుతోంది.

గోళరేఖ

మొదటిదానికి లెక్క తేలిక. ఎత్తు వల్ల దూరం పెరిగేది నూటికి 0.17 వంతు. 15,349 కిలోమీటర్ల దారికి సుమారు 26 కిలోమీటర్లు కలుస్తాయి, కాలంలో రెండు నిమిషాల కంటే తక్కువ.

రెండో ప్రశ్నను పడమటిగాలి గారికి వదిలేస్తున్నాను. వారు ఆ మాట ఎవరైనా అడుగుతారా అని కాచుకొని ఉంటారు.

పడమటిగాలి

కాచుకొనే ఉన్నాను.

కొత్తచుక్క గారూ, భూమి ఒంటరిగా తిరగడం లేదు, తన వాతావరణాన్ని కూడా వెంటబెట్టుకొని తిరుగుతోంది. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు కదులుతోంది. గాలి దానితో పాటు కదలకపోతే మనమంతా ఎడతెగని పెనుతుపానులో బతకాల్సి వచ్చేది. విమానం ఈదేది ఆ గాలిలోనే. కనుక భూమి తిరగడం వల్ల గమ్యం ఎదురు రావడమనేది ఉండదు. కదిలే రైలు పెట్టెలో బంతిని పైకి విసిరితే అది మన చేతిలోకే వచ్చి పడుతుంది కదా, ఇదీ అంతే.

అయితే భూభ్రమణానికి పరోక్షంగా ఒక పాత్ర ఉంది. భూమధ్యరేఖ వైపు వేడి, ధ్రువాల వైపు చలి, దానికి తోడు భూమి తిరుగుడు, ఈ మూడూ కలిసి తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే బలమైన గాలి నదులను పుట్టిస్తాయి. వీటినే జెట్ ప్రవాహాలంటారు. చలికాలంలో ధ్రువానికీ భూమధ్యరేఖకూ ఉష్ణోగ్రతలో తేడా పెరుగుతుంది కనుక అప్పుడు వీటి ఉధృతి ఎక్కువ. గంటకు 300 కిలోమీటర్లు దాటిన సందర్భాలూ ఉన్నాయి.

విమానానికి గాలిలో ఒక వేగం, నేల మీద కొలిస్తే మరొక వేగం. పదకొండు కిలోమీటర్ల ఎత్తున ప్రామాణిక ఉష్ణోగ్రత మైనస్ 56.5 డిగ్రీలు, అక్కడ ధ్వని వేగం గంటకు సుమారు 1,062 కిలోమీటర్లు. ఆధునిక దూరప్రయాణ విమానాలు ధ్వని వేగంలో నూటికి 85 వంతుల దగ్గర నడుస్తాయి కనుక మీరందరూ విన్న 900 అనే అంకె వచ్చింది. గాలి వెనుక నుంచి 150 తోస్తే నేల మీద వేగం 1,050 అవుతుంది, ఎదురొస్తే 750కి పడిపోతుంది. 2020 ఫిబ్రవరి 9న న్యూయార్క్ నుంచి లండన్ వెళ్ళిన ఒక బోయింగ్ 747 నేల మీద లెక్కన గంటకు 1,327 కిలోమీటర్ల వేగాన్ని అందుకొని, 4 గంటల 56 నిమిషాల్లో దిగింది. ఆ దారిలో మామూలుగా సమయ పట్టిక ఏడు గంటలు చూపిస్తుంది. నేల లెక్కన అది ధ్వనిని మించిన వేగంలా కనిపిస్తుంది గాని, చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది ధ్వని వేగాన్ని దాటనే లేదు.

దారితెన్ను

అలా అయితే వెళ్ళేటప్పుడు గాలి వల్ల కలిసొచ్చిన కాలం తిరిగొచ్చేటప్పుడు నష్టపోతాం, రానూ పోనూ లెక్క సరిపోతుంది. అవునా?

పడమటిగాలి

సరిపోదు. ఇది చాలామందిని పడేసే గుంత. దూరం 12,000 కిలోమీటర్లు, గాలిలో వేగం 900, గాలి 100 అనుకోండి. వెనుకగాలితో 12,000ను 1,000తో భాగిస్తే 12 గంటలు, ఎదురుగాలిలో 800తో భాగిస్తే 15 గంటలు, మొత్తం 27. గాలే లేకపోతే రానూ పోనూ 26 గంటల 40 నిమిషాలు. ఎదురుగాలిలో మనం ఎక్కువ సేపు ఉంటాం కాబట్టి నష్టం ఎప్పుడూ లాభాన్ని మించే ఉంటుంది. ఏటికి ఎదురీదినవాడికి ఈ సంగతి లెక్క లేకుండానే తెలుసు.

ఆకాశవీధి

నేను వైమానిక ప్రణాళికకు సంబంధించిన పనిలో కొన్నేళ్ళున్నాను కనుక రెండు మాటలు చెబుతాను. పడమటిగాలి గారి లెక్క, ఒకే దారిలో వెళ్ళి అదే దారిలో తిరిగొస్తే వర్తించేది. నిజానికి అలా ఎవరూ రారు. బయలుదేరడానికి కొద్ది గంటల ముందు ఆ రోజు గాలుల అంచనాను ముందు పెట్టుకొని, ఏ దారిలో పోతే కాలమూ ఇంధనమూ కలిపి తక్కువ ఖర్చవుతాయో కంప్యూటర్ చేత తేల్చి, అప్పుడు దారిని నిర్ణయిస్తారు. మహావృత్తం ఆ వెతుకులాటకు మొదలు మాత్రమే.

దీనికి నేను చూసినంతలో అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో దారి. మహావృత్తపు దూరం సుమారు 12,380 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఆ సర్వీసును అట్లాంటిక్ వైపు నుంచి తప్పించి పసిఫిక్ మీదుగా నడిపింది. అట్లాంటిక్ దారి 13,900 కిలోమీటర్లు, పసిఫిక్ దారి 15,300. అంటే 1,400 కిలోమీటర్లు ఎక్కువ. అయినా విమానం సుమారు పద్నాలుగున్నర గంటల్లో, పాత దారి కంటే దాదాపు రెండు గంటలు ముందుగా చేరింది. తూర్పుకు పోతూ గాలిని వెనుక పెట్టుకోవడమే దానికి కారణం.

మీ సింగపూర్ – న్యూయార్క్ దారిలో మరో విచిత్రం ఉంది. రెండూ భూగోళానికి దాదాపు ఎదురెదురు వైపుల ఉన్నందున, ఎటు పోయినా దూరంలో పెద్ద తేడా రాదు. అందుచేత సింగపూర్ నుంచి బయలుదేరిన విమానం ఉత్తర పసిఫిక్ మీదుగా తూర్పుకు పోతుంది. న్యూయార్క్ నుంచి వచ్చేది కూడా, గాలులు అనుకూలిస్తే, అట్లాంటిక్ దాటి తూర్పుకే రాగలదు. అలాంటి రోజుల్లో రానూ పోనూ ప్రయాణించినవారు తమకు తెలియకుండానే భూప్రదక్షిణ చేసినట్టే. రెండు వైపులా ప్రయాణ కాలం ఇంచుమించు సమానంగా, 18 గంటల 40, 50 నిమిషాలుగా కనిపించడానికి కారణమూ ఇదే.

కొత్తచుక్క

ఇంతసేపు ఎగరగలిగే విమానం ప్రత్యేకమైనదా?

ఆకాశవీధి

అవును. ఈ మార్గంలో మొదట 2004 నుంచి 2013 దాకా నాలుగు ఇంజన్ల ఎయిర్‌బస్ ఎ340-500 నడిచింది, అప్పట్లో న్యూయార్క్ పొరుగున ఉన్న న్యూవార్క్ విమానాశ్రయానికి వెళ్ళేది. ఇంధనం ఖర్చు భరించలేక ఆపివేశారు. 2018 అక్టోబరులో రెండు ఇంజన్ల ఎ350-900 విమానానికి దూరప్రయాణం కోసం ప్రత్యేకంగా తయారుచేసిన రకంతో మళ్ళీ మొదలుపెట్టారు. కెనడీ విమానాశ్రయానికి 2020 నవంబరు నుంచి నడుపుతున్నారు. మామూలు రకంలో 1,41,000 లీటర్ల ఇంధనం పడితే ఇందులో 1,65,000 లీటర్లు పడుతుంది. సీట్లు మాత్రం 161 మాత్రమే. ఇంధనాన్ని మోయడానికే ఇంధనం ఖర్చవుతుంది కనుక, దూరం పెరిగేకొద్దీ మనుషుల బరువు తగ్గించుకోక తప్పదు.

పాతపటం

గాలులు ఒక కారణమైతే, నేల మీది సంగతులు ఇంకొక కారణం. నాకు వీటిలోనే ఎక్కువ ఆసక్తి.

2022 ఫిబ్రవరి తర్వాత యూరప్ విమాన సంస్థలకు రష్యా గగనతలం మూసుకుపోయింది. హెల్సింకీ నుంచి టోక్యోకు మహావృత్తపు దూరం 7,800 కిలోమీటర్లు, సైబీరియా మీదుగా తొమ్మిదిన్నర గంటల ప్రయాణంగా ఉండేది. ఇప్పుడు ఉత్తర ధ్రువం వైపు నుంచో దక్షిణాన చుట్టు తిరిగో పోవలసి వచ్చి దాదాపు పదమూడు గంటలు పడుతోంది. ఊళ్ళు కదల్లేదు, విమానాల వేగమూ తగ్గలేదు. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలోనూ ఇదే పరిస్థితి. 1957లో స్కాండినేవియన్ విమాన సంస్థ కోపెన్‌హాగన్ నుంచి అలాస్కాలోని యాంకరేజ్‌లో ఆగి టోక్యోకు ధ్రువ మార్గంలో సర్వీసు ప్రారంభించింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు యూరప్ – జపాన్ ప్రయాణికులకు యాంకరేజ్ మజిలీ తప్పలేదు.

టిబెట్ పీఠభూమిది మరొక కథ. విమానంలో గాలి పీడనం పడిపోతే పైలట్లు వెంటనే పదివేల అడుగుల ఎత్తుకు దిగాలి, ఎందుకంటే ప్రయాణికుల మాస్కుల్లో ప్రాణవాయువు సాధారణంగా పన్నెండు నుంచి ఇరవై నిమిషాలకే సరిపోతుంది. కానీ అక్కడ నేలే సగటున 4,500 మీటర్లు, అంటే పద్నాలుగు వేల అడుగులకు పైన ఉంది. దిగడానికి చోటేది? అందుకే ప్రత్యేక ఏర్పాట్లు లేని విమానాలు చుట్టు తిరిగి పోతాయి.

ఆకాశవీధి

రెండు ఇంజన్ల విమానాలకు ఉన్న నియమాన్ని కూడా ఇక్కడ చెప్పాలి. ఒక ఇంజన్ ఆగిపోతే మిగిలినదానితో చేరగలిగినంత దూరంలో దిగడానికి వీలైన విమానాశ్రయం ఎప్పుడూ ఉండాలి. ఆ గడువు ఒకప్పుడు 60 నిమిషాలు, 1985లో 120 అయింది, 1988లో 180కి పెరిగింది. ఇప్పుడు ఎ350కి 370 నిమిషాల వరకూ అనుమతి ఉంది. గడువు పెరిగినకొద్దీ మహాసముద్రాల మీద దారులు మహావృత్తానికి దగ్గరగా జరిగాయి. శాంటియాగో – సిడ్నీ దారికి ఈ నియమం ఎంత ముఖ్యమో పటం చూస్తేనే తెలుస్తుంది, ఆ నీళ్ళ మధ్య దిగే చోటే లేదు.

గడియారం

టికెట్టు వేళల మాట ఎవరూ ఎత్తలేదు కనుక నేను అందుకుంటాను. టికెట్టు మీద కనిపించే ప్రతి వేళా ఆ ఊరి స్థానిక కాలమే. కాబట్టి ఒకదాని నుంచి ఇంకొకటి నేరుగా తీసివేయకూడదు. రెండింటినీ ముందు ప్రపంచ ప్రామాణిక కాలంలోకి మార్చాలి. సింగపూర్ ఏడాది పొడవునా ఎనిమిది గంటలు ముందుంటుంది. న్యూయార్క్ వేసవిలో నాలుగు గంటలు, చలికాలంలో అయిదు గంటలు వెనుక ఉంటుంది. వేసవిలో రెండు ఊళ్ళ మధ్య సరిగ్గా పన్నెండు గంటల తేడా. మధ్యాహ్నం 12కు బయలుదేరి 18 గంటల 40 నిమిషాలు ఎగిరితే సింగపూర్‌లో మర్నాటి ఉదయం 6 గంటల 40 నిమిషాలు, న్యూయార్క్‌లో అదే రోజు సాయంత్రం 6 గంటల 40 నిమిషాలు. దారితెన్ను గారికి కనిపించింది ఇదే. అదే విమానం చలికాలంలో అయితే 5 గంటల 40 నిమిషాలకు దిగినట్టు చూపిస్తుంది, ప్రయాణం మాత్రం ఒక్క నిమిషం కూడా తగ్గదు.

తిరుగు ప్రయాణంలో జాగ్రత్త ఎక్కువ అవసరం. న్యూయార్క్‌లో సోమవారం రాత్రి 10కి ఎక్కితే సింగపూర్‌లో దిగేది బుధవారం తెల్లవారుజామున. టికెట్టులో వేళ పక్కన చిన్న అక్షరాల్లో ఉండే "+2" అనే గుర్తును గమనించక, మా బంధువులను తీసుకురావడానికి నేను ఒకరోజు ముందే విమానాశ్రయానికి వెళ్ళి నిలబడ్డాను. తప్పు నాదే, ఆ గుర్తు అక్కడే ఉంది.

ఇంకో మెలిక. అమెరికాలో గడియారాలను మార్చిలో రెండో ఆదివారం ముందుకు జరుపుతారు, యూరప్‌లో అదే నెల చివరి ఆదివారం. ఆ మధ్యలో రెండు మూడు వారాలు లండన్, న్యూయార్క్‌ల తేడా అయిదు గంటలు కాకుండా నాలుగే ఉంటుంది.

దారితెన్ను

ఎంతో స్పష్టత వచ్చింది. ఒక్కటి మిగిలింది. 15,349ని 18 గంటల 40 నిమిషాలతో భాగిస్తే గంటకు 822 కిలోమీటర్లే వస్తోంది. చుట్టుదారి ఒక్కటే ఇందుకు కారణమా?

ఆకాశవీధి

చుట్టుదారి ముఖ్య కారణం, మరొకటి సమయ పట్టిక కొలిచే తీరు. పట్టికలో ఉండేది గాలిలో ఉన్న కాలం కాదు, బయలుదేరే చోట చక్రాల అడ్డు తీసిన క్షణం నుంచి చేరిన చోట మళ్ళీ అడ్డు పెట్టే క్షణం దాకా. దీన్నే బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా నడక, వరుసలో నిరీక్షణ, పైకెక్కడంలో, దిగడంలో తగ్గే వేగం, చివర్లో గేటు కోసం ఆగడం, ఇవన్నీ అందులోనే. ఆలస్యమయిందన్న పేరు రాకుండా సంస్థలు కొన్ని నిమిషాలు అదనంగా వేసుకుంటాయి కూడా. "అనుకున్న వేళకు ముందే దిగాం" అని మురిసిపోయే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

తొందరగా అంచనా వేయాలంటే నేను మహావృత్తపు దూరాన్ని 850తో భాగించి అరగంట కలుపుతాను. న్యూయార్క్ – లండన్ 5,540 కిలోమీటర్లకు ఏడు గంటలు, పెర్త్ – లండన్ 14,500 కిలోమీటర్లకు పదిహేడున్నర, మీ దారికి పద్దెనిమిదిన్నర వస్తాయి, మూడూ పట్టికకు దగ్గరగానే ఉన్నాయి. హెల్సింకీ – టోక్యోకు మాత్రం ఈ సూత్రం పది గంటలు కూడా దాటదు, అసలు ప్రయాణం పదమూడు. సూత్రానికి గగనతలం మూసివేత తెలియదు కదా. మధ్యలో విమానం మారే ప్రయాణాలకు దీన్ని మొత్తం దూరానికి కాక ప్రతి అంచెకూ విడివిడిగా వేసి, మజిలీలో ఆగే కాలాన్ని వేరుగా కలపాలి.

పడమటిగాలి

ఆకాశవీధి గారి సూత్రానికి నా సవరణ. ఉత్తరార్ధగోళపు మధ్య అక్షాంశాల్లో తూర్పుకైతే అందులోంచి కొంత తగ్గించండి, పడమరకైతే కలపండి, చలికాలంలో ఆ రెండూ ఇంకొంచెం పెంచండి.

దారితెన్ను

పాతపటం గారు చెప్పినట్టు 30 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గ్లోబు మీద దారం బిగించి చూశాను. దాని చుట్టుకొలత 94 సెంటీమీటర్లకు కొంచెం పైన వచ్చింది, అంటే సెంటీమీటరుకు దాదాపు 425 కిలోమీటర్లు. ధ్రువం పక్క నుంచి బిగించిన దారం 36 సెంటీమీటర్లు, అంటే 15,300. తర్వాత అదే దారాన్ని జపాన్ తూర్పు తీరం, అలాస్కా దక్షిణ తీరం మీదుగా జరిపి చూస్తే సుమారు 39 వచ్చింది, 16,500 పైచిలుకు. మొదట నాకు అర్థంకాని ఆ మూడో అంకె ఇదే అయి ఉండాలి.

గోళరేఖ

అదే. దారాన్ని ఇంకా తీయకపోతే అట్లాంటిక్ వైపు నుంచి కూడా ఒకసారి కొలిచి ఇక్కడ రాయండి.